చనిపోయిన మనిషి చెప్పిన ఫండ్

“నిచ్చెన గోడకి ఆనించే ఉందా? కింద పడి ఉందా?”

సార్జెంట్ లొరెట్టా పడిస్టర్ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. ఎల్వుడ్ పైక్ మూడోసారి కూడా టోపీ తీసి, బట్టతల గోక్కుని, మళ్ళీ టోపీ పెట్టుకున్నాడు.

“గోడకే ఉందమ్మాయ్. మనిషే కింద ఉన్నాడు.”

“టైమెంత?”

“పదకొండుకి పది నిమిషాలు తక్కువ. సోమవారం పదిన్నరకి రేడియోలో ఆంబ్రోస్ మామ గొంతు వినపడకపోతే ఈ అఖాతంలో ఎవడికీ టీ గొంతు దిగదు. పది నిమిషాలు చూశా. ఉలుకూ పలుకూ లేదు. సరే, ముసలాడికి జలుబు చేసిందేమోనని కొండెక్కా. వాన పడుతోంది. నిచ్చెన కింద వెల్లకిలా పడున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.”

“లోపలికి వెళ్ళావా?”

“వెళ్ళా. మామ చెల్లెలు సెలెస్టా అత్తని పిలుద్దామని. ఆవిడ ఇంట్లో లేదు. ఫోన్ ఇక్కడే, ఈ గదిలోనే ఉంది. నీకు ఫోన్ చేసిందే నేను కదా!”

“అప్పుడు ఆ టేప్ రికార్డర్ ఎలా ఉంది?”

పైక్ బల్ల మీది పాత పెట్టె వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. “మూత తెరిచి ఉంది. లోపల క్యాసెట్ లేదు.”

“ఈ ముక్క పదిహేడు రోజుల క్రితం ఎందుకు చెప్పలేదు?”

“నువ్వడిగితే కదా!”

అది నిజమే. జూన్ ఒకటిన లొరెట్టా ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమె చూసింది ఒక తడిసిన నిచ్చెన, వదులైన ఏంటెన్నా తీగ, డెబ్భై ఒక్కేళ్ళ మనిషి. కాలు జారి పడ్డాడని రాసుకుంది. శుక్రవారం ఖననం అయింది. అక్కడితో ఆంబ్రోస్ హైన్స్ కథ ముగియాలి.

ముగియలేదు. జూన్ ఎనిమిది, సోమవారం ఉదయం పదిన్నరకి, అఖాతం చుట్టూ ఉన్న ప్రతి వంటింట్లోనూ, ప్రతి పడవలోనూ ఆంబ్రోస్ గొంతు మళ్ళీ వినిపించింది.

ఆ గొంతు అక్కడ తెలియని వాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళు తీరరక్షణ కేంద్రంలో కూర్చుని పడవలవాళ్ళకి గాలీ వానా చదివి వినిపించిన గొంతు అది. రిటైరయ్యాక అదే గొంతుతో, పడవల రేడియోలో ఎవరూ వాడని ఛానెల్ పట్టుకుని, వారానికొకసారి అఖాతంలోని ముసలీ ముతకకి ఈటీఎఫ్‌ల సంగతి చెప్పేవాడు. మార్కెట్లో షేరులాగే కొనుక్కునే ఫండ్లు అవి. ఒక్కటి కొంటే వెయ్యి కంపెనీల్లో తలో పిసరు చేతికొస్తుంది. వేలకొద్దీ ఉన్న ఆ ఫండ్లలో ఏది మనకి పనికొస్తుందో, ఏది కాదో ఆంబ్రోస్ చెప్పేవాడు. చెప్పడం కూడా వాతావరణం చదివినట్టే. “కెనడా ఇరవై ఐదు. అమెరికా నలభై. మిగతా ప్రపంచం ఇరవై. బాండ్లు పదిహేను. గాలి మోస్తరు. ఎవరూ కంగారు పడక్కర్లేదు.”

చచ్చిపోయాక కూడా ఎనిమిదో తారీఖున అదే చెప్పాడు. పదిహేనో తారీఖున మాత్రం వేరే చెప్పాడు. ఉన్నదంతా అమ్మెయ్యండి, సరిగ్గా పదకొండు గంటలకి గ్రేమాంటిల్ లిథియం ఫండ్ కొనండి అన్నాడు. అరవై మూడు ఇళ్ళవాళ్ళు ఆ మాట విన్నారు. తాతల నాటి నుంచి చేపలు పట్టి కూడబెట్టుకున్నది ఒక్క నిమిషంలో, ఒకే ఒక్క ఫండ్‌లోకి వెళ్ళిపోయింది.

“నువ్వూ కొన్నావా ఎల్వుడ్?” అంది లొరెట్టా.

పైక్ చెవులు ఎర్రబడ్డాయి. “చచ్చినవాడు పనిగట్టుకుని వచ్చి చెబుతుంటే కాదంటామా? పైనించి వాడికేదో కనబడి ఉంటుందనుకున్నా.”

తలుపు దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు.

హార్గ్రేవ్. సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, ఖరీదైన వానకోటు. గ్రేమాంటిల్ కంపెనీ టొరంటో నుంచి పంపిన విచారణాధికారి. నిన్న మధ్యాహ్నం పోలీస్ స్టేషన్‌కి వచ్చి, ఈ దీవి మీద కాలు పెట్టడం ఇదే మొదటిసారని చెప్పి, టొరంటో కంటే గంటన్నర ముందు నడిచే మీ గడియారాలకి ఆ అరగంట తోక ఏమిటండీ అని నవ్వాడు. వచ్చినప్పటి నుంచి ఒకటే పాట.

“సార్జెంట్ గారూ, ఇంకా నిచ్చెన దగ్గరే ఉన్నారా? ఒక ముసలాయన జారిపడ్డాడు. ఆయన చెల్లెలికి మతి చలించింది. పాత టేపులు వేసి ఊరిని తప్పుదారి పట్టించింది. మా కంపెనీకి ఇందులో ఏ పాపమూ లేదని ఒక కాగితం రాసివ్వండి, నేను సాయంత్రం విమానం ఎక్కేస్తా.”

“మీ కంపెనీకి ఒక్క నిమిషంలో అరవై మూడు ఇళ్ళ డబ్బు వచ్చి పడింది. మీకంత తొందరేమిటి?”

“ఆ డబ్బే మాకు తలనొప్పి. మార్కెట్‌వాళ్ళు ప్రశ్నలడుగుతున్నారు.”

“డబ్బు రాకపోయుంటే ఏమయ్యేది?”

హార్గ్రేవ్ భుజాలెగరేశాడు. “కొత్త ఫండ్‌కి మదుపరులు రాకపోతే మూసేస్తారు. ప్రతి ఏడూ ఎన్నో మూతపడతాయి. అది నేరం కాదు.”

ఆంబ్రోస్ చెల్లెలు సెలెస్టా హైన్స్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అన్నీ వింటోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చూపు దాదాపు పోయింది. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. గుమ్మం దాటుతుండగానే లొరెట్టాని “ఎవరి పిల్లవే నువ్వు?” అని అడిగి, పడిస్టర్ల అమ్మాయని తెలిశాకే టీ పోసింది.

“మతి చలించింది ఎవరికయ్యా?” అందావిడ, తల తిప్పకుండానే.

“అత్తా, నేను మాట్లాడతాను కదా” అంది లొరెట్టా.

“నువ్వుండవే. ఎనిమిదో తారీఖున టేపు వేసింది నేనే.”

పైక్ మళ్ళీ తీసిన టోపీ చేతిలోంచి జారింది.

సెలెస్టా చెప్పుకుపోయింది. “వాడు పోయినప్పటి నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఇప్పుడు అమ్మెయ్యాలా, ఉంచుకోవాలా అని నన్నడిగారు. కంగారులో అందరూ అన్నీ అమ్ముకునేలా ఉన్నారు. వాడి పాత టేపు ఒకటి తీసి వేశాను. ఎవరూ కంగారు పడక్కర్లేదు అని వాడి నోటితోనే చెప్పిస్తే ఆగుతారని. ఆగారు కూడా.” కప్పు చేతిలోకి తీసుకుంది. “నాకూ వాడి గొంతు వినాలనిపించింది. అది తప్పైతే తీసుకెళ్ళు.”

“చూశారా!” అన్నాడు హార్గ్రేవ్. “ఒప్పేసుకుంది.”

“ఎనిమిదో తారీఖుది ఒప్పుకుంది. పదిహేనో తారీఖు సంగతేమిటత్తా?”

“అది నాది కాదు. ఆ రోజు నా యంత్రం ఆపేసి ఉంది. ఇదే కుర్చీలో కూర్చుని, వాడెప్పుడూ పదిన్నరకి మొదలెట్టేవాడు కదా అనుకుంటూ ఆ రేడియో వింటున్నాను. మా వాడు మాట్లాడటం మొదలెట్టాడు.” కప్పు సాసర్ మీద పెట్టింది. “పద్దెనిమిదేళ్ళుగా వాడు నోరు తెరిస్తే రికార్డు బొత్తాం నొక్కడం నా పని. చెయ్యి దానంతటదే వెళ్ళి నొక్కింది. క్యాసెట్ ఆ సొరుగులో ఉంది.”

లొరెట్టా క్యాసెట్ తీసి యంత్రంలో పెట్టింది. గరగర. ఆ తర్వాత గదిలోకి ఆంబ్రోస్ హైన్స్ వచ్చాడు.

“అంతా... అమ్మెయ్యండి. సరిగ్గా... పదకొండు గంటలకి... గ్రేమాంటిల్... కొనండి. ఎవరూ... కంగారు పడక్కర్లేదు.”

గొంతు ఆయనదే. కానీ ఒక మాట దగ్గర్నుంచి వస్తే, తర్వాతి మాట నూతిలోంచి వచ్చినట్టుంది. పీల్చిన ఊపిరి వదిలిన చప్పుడు లేదు. మాటల వెనక ఏదో మూలుగు మొదలై, సగంలో తెగి, మళ్ళీ ఎక్కడో మధ్యలోంచి అందుకుంటోంది. బరువైన, తడిసిన మూలుగు.

పైక్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. “లైట్‌హౌస్ హారన్!”

“ఏ హారన్?” అన్నాడు హార్గ్రేవ్.

“పొగమంచులో పడవలకి వేసేది. అది మూయించి పదకొండేళ్ళయింది బాబూ. పదకొండేళ్ళుగా అది కూయలేదు.” పైక్ టోపీ వెతుక్కుని బయటికి నడిచాడు. “నేను కింద రేవు దగ్గర గోదాములో ఉంటానమ్మాయ్. కావాలంటే అక్కడికి రా. ఈ గదిలో మాత్రం నన్నుండమనకు.”

లొరెట్టా టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. మళ్ళీ వేసింది. ఆరోసారికి ఆమె వీపు మీద చలి పాకింది. కానీ అది పైక్‌ని బయటికి నడిపించిన చలి కాదు.

“అత్తా, మీ అన్నయ్య కొనమని చెప్పేటప్పుడు ఏ టైము చెప్పేవాడు?”

“పదకొండుంబావు తర్వాత. మార్కెట్ టొరంటోలో తొమ్మిదిన్నరకి తెరుస్తారు, మనకి పదకొండు. తెరిచిన వెంటనే ఎవడు కొన్నా వాడు వెర్రివాడనేవాడు. ధర ఇంకా కుదురుకోదట, అమ్మేవాడు ఒకటి అంటాడు కొనేవాడు ఇంకొకటి అంటాడు, మధ్యలో మనం మునుగుతామట. నా ధర ఇంత అని రాసి మరీ కొనమనేవాడు.”

“మరి గ్రేమాంటిల్ లాంటి ఫండ్ గురించి?”

సెలెస్టా మొదటిసారి నవ్వింది. “దాన్ని వాడు చేత్తో కూడా ముట్టడు. ముందు ఖర్చు చూడమనేవాడు. ఏటా మన దగ్గర్నుంచి ఎంత కోసుకుంటారో చూడమనేవాడు. తర్వాత ఎన్ని కంపెనీలున్నాయో చూడాలి. తర్వాత రోజూ ఎంతమంది కొని అమ్ముతున్నారో చూడాలి. ఒకే రకం గనుల మీద ఉన్నదంతా పెట్టడమంటే పడవలో సరుకంతా ఒక పక్కకే వెయ్యడం.”

“అభిప్రాయాలు” అన్నాడు హార్గ్రేవ్ పళ్ళ బిగువున.

“మీ ఫండ్ మార్కెట్లోకి ఎప్పుడొచ్చింది హార్గ్రేవ్ గారూ?”

“మే ఇరవై ఎనిమిది, గురువారం.”

“అంతకు ముందు ఆ పేరు బయట ఎవరికైనా తెలిసే అవకాశం ఉందా?”

“అసాధ్యం” అన్నాడు హార్గ్రేవ్, కాస్త గర్వంగానే. “కంపెనీకీ ఫండ్‌కీ ఒకే రోజు పెట్టిన కొత్త పేరది, పోటీవాళ్ళు ఎగరేసుకుపోతారని ఇనప్పెట్టెలో దాచాం. గురువారం ఉదయం దాకా మా ఆఫీసులోనే నలుగురికి మించి తెలీదు.”

“చాలా థాంక్స్.” లొరెట్టా యంత్రం ఆపింది. “ఇది పాత టేపుల్లోంచి మాటలు కోసి అతికించినది. కోసినవాడు పొగమంచు రోజుల టేపు వాడాడు. అందుకే ప్రతి మాట వెనకా హారన్ ముక్క ఉంది. ఒక్క మాట వెనక తప్ప.”

ఆమె మళ్ళీ బొత్తాం నొక్కింది. గ్రేమాంటిల్. ఆ మాట వెనక హారన్ లేదు. కిటికీ అద్దం మీద టపటపమని వాన పడుతోంది.

“అత్తా, మే ఇరవై ఐదు సోమవారం. ఆ తర్వాత సోమవారం జూన్ ఒకటి. మధ్యలో మామ ఎప్పుడైనా రికార్డు చేశాడా?”

“లేదు. సోమవారం పదింటికి ఒకసారి మొత్తం టేపులో చదివి, తనే విని, తప్పులు దిద్దుకుని, పదిన్నరకి రేడియోలో చెప్పేవాడు. జూన్ ఒకటిన... నేను చర్చి హాల్లో కేకులు కోయడానికి వెళ్ళాను. పైన ఉన్నాననుకుని ఉంటాడు. చెప్పకుండా వెళ్ళాను.”

“జూన్ ఒకటి. వాన. ఉదయం పది. ఆ ఫండ్‌కి దూరంగా ఉండండని చెప్పడానికి మామ ఆ పేరు జీవితంలో ఒకే ఒక్కసారి టేపులోకి పలికాడు. ఆ టేపు యంత్రంలో ఉండగానే చనిపోయాడు. పది యాభైకి ఎల్వుడ్ చూసేసరికి టేపు లేదు.” లొరెట్టా హార్గ్రేవ్ వైపు తిరిగింది. “కాలు జారి పడ్డవాడు లోపలికొచ్చి తన క్యాసెట్ తను తీసుకెళ్ళడు. తీసుకెళ్ళినవాడు ఆ యాభై నిమిషాల్లో ఇక్కడే ఉన్నాడు. వాడే ఇప్పుడు రేడియోలో మాట్లాడిస్తున్నాడు.”

హార్గ్రేవ్ తన ఫోన్ తీసి చూసుకున్నాడు. “కల్పన బావుంది. మా లాయర్లకి చెప్పాలి. ఈ కొండ మీద సిగ్నల్ దొరికే చోటేదైనా ఉందా?” అంటూనే బయటికి వెళ్ళిపోయాడు. వానకోటు పొగమంచులో నాలుగడుగుల్లో కరిగిపోయింది.

సెలెస్టా లేచి, గోడ పొడవునా ఉన్న టేపుల అర దగ్గరికి తడుముకుంటూ వెళ్ళింది. ఏడాదికొక అట్టపెట్టె. ఒక్కో పెట్టె మీద ఒక్కో రకం గుండీ కుట్టి ఉంది, వేళ్ళకి తెలిసేలా. అరలో ఎక్కడా ఖాళీ లేదు. చూసేవాళ్ళకి అన్నీ ఉన్నట్టే. ఆవిడ వేళ్ళు మాత్రం ఒకచోట ఆగిపోయాయి.

“జోడు గుండీల పెట్టె లేదే. తీసేసి మిగతావి దగ్గరికి జరిపారు.” ఆవిడ ముఖంలో రంగు పోయింది. “ఈ ఇంట్లో నేను నిద్రపోతున్నాను అమ్మాయ్. వాడు ఇక్కడ నిలబడి, ఏరుకుని, సర్ది మరీ వెళ్ళాడా?”

“ఇవాళ్టి నుంచి నా ఇంట్లో పడుకుందువుగాని. పెరట్లో నిచ్చెన చూసి వస్తాను. ఐదు నిమిషాలు. తలుపు గడియ పెట్టుకో.”

పెరట్లో లొరెట్టా నిచ్చెనెక్కింది. ఏంటెన్నా తీగ తుప్పు పట్టి తెగలేదు. పదునైన దానితో కోసినట్టు కొస నున్నగా ఉంది. రేడియో మూగబోతే ముసలాయన నిచ్చెనెక్కుతాడని ఎవడికో తెలుసు. ఆమె తీగ కొసని సంచిలో వేసుకుంటుండగా ఇంట్లోంచి గొంతు వినిపించింది.

“సెలెస్టా! కిందికి రా!”

మగగొంతు. ఆంబ్రోస్ గొంతు.

టక్కుమని చిన్న చప్పుడు. మళ్ళీ అదే. “సెలెస్టా! కిందికి రా!”

లొరెట్టా నిచ్చెన మీంచి దూకింది. వాకిలి తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ. కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతోంది. బల్ల మీద రేడియో ఎర్రదీపం వెలుగుతోంది. పడవల మాటలు వినడానికని చెప్పి ఎనిమిదో తారీఖుకి ముందు సెలెస్టా పైక్ చేత వేయించుకున్న కొత్త తీగలోంచి, చనిపోయినవాడు చెల్లెల్ని పిలుస్తున్నాడు. చేతికర్ర మూలన లేదు.

కింద అంటే, ఈ ఇంటి నుంచి కిందికి వెళ్ళే దారి ఒక్కటే. రేవు.

లొరెట్టా కొండ దిగి పరిగెత్తింది. ముందు ఏమీ కనపడదు. కర్ర చెక్కల మీద తగిలే చప్పుడు మాత్రం టక్ టక్‌మని ముందుకి వెళుతోంది. పిలిచింది. కర్ర ఆగలేదు. రేవు చెక్కలు కాళ్ళ కింద కదిలాయి. ఇరవై అడుగులు, ముప్ఫై. బూడిద రంగులో ఒక నీడ. ఆ నీడ ఒక్కసారిగా నడుము దాకా కిందికి దిగిపోయింది.

లొరెట్టా బోర్లా పడి రెండు చేతులతోనూ సెలెస్టా చంకల కింద పట్టుకుంది. రేవు చివర మూడు చెక్కలు ఊడదీసి ఉన్నాయి. కింద రాళ్ళ మీద నీళ్ళు విరుగుతున్నాయి.

“వదలకు అత్తా, నా మెడ పట్టుకో. అది టేపని తెలిసీ ఎందుకొచ్చావు?”

“అది అతికించినది కాదే” అంది సెలెస్టా, ఏడుస్తూ. “మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఉంది. నిజంగా పిలిచాడు. వాడు పిలిస్తే నేను ఆ రోజు రాలేదు.”

తల పక్కనే ఉన్న స్తంభానికి ఒక చిన్న టేపు పెట్టె వేలాడుతోంది. దానికి ఆనించి చేతి రేడియో ఒకటి. మాట్లాడే బొత్తాం నొక్కుడు పోకుండా నల్లపట్టీ చుట్టి ఉంది. దాని దగ్గర నిలబడి టేపు వెనక్కి తిప్పుతున్నవాడు అడుగుల చప్పుడు విని వదిలేసి పోయినట్టున్నాడు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. కిటికీ మీద వాన చప్పుడు. ఆ వెనక ఆంబ్రోస్, తీరిగ్గా, ఎప్పటిలా.

“సెలెస్టా! కిందికి రా! ఎవరొచ్చారో చూడు. టొరంటో నుంచట, హార్గ్రేవ్ గారట. ఆ గ్రేమాంటిల్ వాళ్ళ మనిషి. నేను రేడియోలో చెప్పబోయేది చెప్పొద్దని బతిమాలడానికి ఇంత దూరం వచ్చాడు పాపం. టీ నీళ్ళు పెట్టు.”

వెనక చెక్కలు కిర్రుమన్నాయి.

హార్గ్రేవ్ వలల పాక నీడలోంచి వచ్చి రేవుకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో చెక్కలు పెరికిన ఇనపకడ్డీ. ముఖంలో కోపం లేదు. లెక్క తప్పినవాడి చిరాకు మాత్రం ఉంది.

“ఆ టేపు ఇటు విసరండి సార్జెంట్. రెండు చేతులూ కావాలి కదా మీకు? పోనీ, ఆవిణ్ణి వదిలేసి లేవండి.”

లొరెట్టా పట్టు వదల్లేదు. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఆమె చూపు చేతి రేడియో మీద పడింది. దాని మీద చిన్న దీపం వెలుగుతోంది.

“ఈ బుల్లి రేడియో కొండ దాటి వినపడదనుకున్నావు కదూ?”

“దాటదు. అందుకే ఎంచుకున్నా.”

“కొండ దాటదు. కానీ ఇటు అంతా నీళ్ళే. ఈ అఖాతంలో ప్రతి పడవలోనూ, ప్రతి వంటింట్లోనూ ఆ ఛానెల్ మీదే చెవి పెట్టుకుని ఉన్నారు. ముసలాయన మళ్ళీ ఎప్పుడు మాట్లాడతాడా అని మూడు రోజులుగా ఒక్కరూ ఛానెల్ మార్చలేదు. ఆయన నీ పేరు చెప్పాడు. ఇప్పుడు నువ్వు చెబుతున్నావు. ఇంకాస్త గట్టిగా చెప్పు హార్గ్రేవ్, చెవుడున్నవాళ్ళు కూడా ఉన్నారు.”

హార్గ్రేవ్ కడ్డీ పైకెత్తాడు. అతను రేడియో వైపు ఒక అడుగు వేశాడు.

పొగమంచులో ఎక్కడో, దగ్గరగానే, ఒక పడవ ఇంజను దగ్గి అందుకుంది. దాని వెనక ఇంకొకటి. కుడివైపు ఒకటి, ఎడమవైపు రెండు. గోదాము దగ్గర్నుంచి ఎల్వుడ్ పైక్ బూతులు తిడుతూ పరిగెత్తుకొస్తున్నాడు. కాసేపటికి లెక్క తెలియలేదు. ఒక్క పడవా కనపడలేదు, ఒక్క మనిషీ కేక వెయ్యలేదు. నీటి మీద తెల్లటి గోడ వెనక నుంచి ఆ ఇంజన్ల చప్పుడు మాత్రం నాలుగు వైపుల నుంచీ రేవు చుట్టూ మూసుకుంటూ వచ్చింది.

ఇనపకడ్డీ చెక్కల మీద పడింది.